నాలుగో వంతు కోత

హైదరాబాద్‌లోని కోకాపేటలో ఏ ఆఫీసు అంతస్తుకు వెళ్లినా ఇప్పుడు బల్లల మీద అడ్డంగా సాగిన మానిటర్లే. వాటిలో బాగా వాడుకలో ఉన్న అల్ట్రావైడ్ రకం ఒకటి 2560 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు. దాని మీద పాత ఫొటో ఒకటి వాల్‌పేపర్‌గా పెట్టాలనుకోండి. చిన్న డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో తీసిన పెళ్లి గ్రూప్ ఫొటో, 1024 బై 768. తెర వెడల్పంతా నిండాలంటే బొమ్మను రెండున్నర రెట్లు పెంచాలి. అప్పుడు దాని ఎత్తు 1920 అవుతుంది. తెరకున్నది 1080. మిగతా 840 వరసలు పోవాల్సిందే, అంటే బొమ్మలో నూటికి దాదాపు 44 పాళ్లు. వెనక బెంచీ ఎక్కి నిలబడ్డ బాబాయిల తలలు తీసేద్దామా, ముందు చాప మీద కూర్చున్న పిల్లల్ని తీసేద్దామా? ఎవరినీ తీయనంటే ఫొటో నడిమధ్య 1440 పిక్సెళ్ల మేర నిలబడి, అటూ ఇటూ 560 చొప్పున నల్లటి పట్టీలు మిగులుతాయి. పట్టీలు కూడా వద్దంటే పక్కలకు సాగదీయాలి. అందరి మొహాలూ ఉబ్బుతాయి.

కోయడం, సాగదీయడం, పట్టీలు వదలడం. చాలాకాలం ఈ మూడు దారులే ఉండేవి. ఈమధ్య నాలుగోది వచ్చింది: లేనిదాన్ని కొత్తగా గీసి నింపడం. తెర ఆకారం మారిన ప్రతిసారీ, అది టూరింగ్ టాకీసు గుడ్డయినా కోకాపేట మానిటరయినా, వీటిలో ఏదో ఒకటి ఎవరో ఒకరు ఎంచుకోక తప్పలేదు. ఆ ఎంపిక మన కళ్లముందే జరిగినా మనకు తెలియకుండా జరిగిపోయింది. అందుకే ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించింది.

ముందు ఒక చిన్న లెక్క. పాత టీవీ ఆకారం 4:3. ఇప్పటి టీవీ 16:9. అంటే నాలుగు వర్గం, మూడు వర్గం. పైన చెప్పిన మానిటర్‌ను అంగళ్లలో 21:9 అని అమ్ముతారు గానీ అసలు నిష్పత్తి 64:27. నాలుగు ఘనం, మూడు ఘనం. ప్రతి మెట్టుకూ తెర వెడల్పు మూడో వంతు చొప్పున పెరుగుతూ వచ్చిందన్నమాట. ఒక మెట్టు కిందున్న బొమ్మతో పై మెట్టు తెరను నింపాలంటే కచ్చితంగా నాలుగో వంతు కోసేయాలి. రెండు మెట్లు ఎక్కితే మిగిలేది పదహారింట తొమ్మిది వంతులు. తెలుగువాళ్ల బొమ్మల చరిత్ర చాలామటుకు ఈ రెండు మెట్ల మీదే నడిచింది, ఒకసారి పైకి, ఒకసారి కిందికి.

ఆ మొదటి ఆకారం 1890లలో ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ స్థిరపరిచినది. 35 మిల్లీమీటర్ల ఫిల్ము, ఒక్కో ఫ్రేముకు నాలుగు రంధ్రాల ఎత్తు. అలా వచ్చిందే 4:3. మాటలొచ్చాక ఫిల్ము అంచున సౌండ్ ట్రాక్‌కు చోటు కావాల్సి వచ్చి, 1932లో హాలీవుడ్ అకాడమీ దాన్ని సర్ది 1.37 నిష్పత్తిగా ఖాయం చేసింది. సరిగ్గా ఆ ఏడాదే హెచ్.ఎం. రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. తెలుగు టాకీ, అకాడమీ ఫ్రేము ఒకే ఏటి బిడ్డలు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు మన సినిమా దాదాపుగా ఆ ఫ్రేములోనే ఆలోచించింది.

ఆ ఆలోచన ఎంత లోతుగా సాగిందో తెలియాలంటే 1957 నాటి ‘మాయాబజార్’ చూడాలి. మార్కస్ బార్ట్లే కెమెరా. ఫ్రేము వెడల్పుకూ ఎత్తుకూ పెద్ద తేడా లేదు కాబట్టి ఆయన ఎత్తును పూర్తిగా వాడుకున్నాడు. పౌరాణికంలో మనిషి తల దగ్గర ఆగిపోడు, ఆ పైన కిరీటం ఉంటుంది. కిరీటం పైన కాస్త ఊపిరాడే జాగా ఉండాలి, లేకపోతే రాజు గుహలో కూర్చున్నట్టుంటాడు. వివాహ భోజనం పాటలో ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు ఒక్కడే. కింద గంగాళాలు, గిన్నెలు, పైన ఆ భారీ విగ్రహం. వంటకాలు చిన్నవి కావు, తినేవాడు ఇంకా పెద్దవాడు. ఆ కొలత మనకు అందేది కిందినుంచి పైదాకా కన్ను ఒక్కసారి ప్రయాణించినప్పుడే. పక్కల ఏముందన్నది అక్కడ లెక్కలోకి రాదు. అలాంటి ఫ్రేమును వెడల్పు తెరకు మార్చమంటే కిరీటమైనా పోవాలి, వంటకాలైనా పోవాలి.

ఈలోగా అమెరికాలో ఇంటింటికీ టీవీ వచ్చి థియేటర్లు ఖాళీ అవుతుంటే, ఇంట్లో దొరకనిది చూపించాలని సినిమావాళ్లు తెరను వెడల్పు చేశారు. ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ క్రెతియాన్ అంతకు చాలా ఏళ్ల ముందే తయారుచేసిన లెన్సు వాళ్లకు పనికొచ్చింది. అది దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్ము మీదికి ఎక్కిస్తుంది. ప్రొజెక్టరు దగ్గర అలాంటిదే ఇంకో లెన్సు దాన్ని తిరిగి విప్పుతుంది. 1953లో ‘ది రోబ్’ ఆ పద్ధతిలో, సినిమాస్కోప్ పేరుతో వచ్చింది. మన దేశంలో గురుదత్ ‘కాగజ్ కే ఫూల్’ 1959లో, వి.కె. మూర్తి కెమెరాతో. తెలుగుకు రావడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

1974 మే 1న ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. కృష్ణ గారి నూరో సినిమా, తెలుగులో మొట్టమొదటి సినిమాస్కోప్. దర్శకుడు వి. రామచంద్రరావు నిర్మాణం మధ్యలోనే కన్నుమూస్తే మిగతాది ఆయన లేకుండానే పూర్తయింది. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. చింతపల్లి అడవుల్లో తీసిన ఆ కొండలు, లోయలు, వరసగా నడిచే మన్యం జనం... అది నిజంగా అడ్డంగా పరుచుకున్న కథ. ఆ తెరను ఆ కథ కోరుకుంది. కొత్త హంగు కోసం తెచ్చిపెట్టుకున్నది కాదు. 1986లో అదే కృష్ణ, అదే స్వామితో ‘సింహాసనం’ తీసి తెలుగుకు 70 ఎం.ఎం. తెచ్చారు. సాంకేతికంగా తెలుగు తెరను రెండుసార్లు వెడల్పు చేసింది ఒకే మనిషి. ఆయన నటన గురించి జరిగినంత చర్చ ఈ తెగువ గురించి జరగలేదన్నది నా అభిప్రాయం.

థియేటర్లో ఈ మార్పు ఎలా ఉండేదో ఆనాటి ప్రేక్షకులకు గుర్తుండే ఉంటుంది. ముందు ప్రకటనలు, ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలు పాత ఆకారంలో నడిచేవి. తెరకు అటూ ఇటూ నల్లగుడ్డ. అసలు బొమ్మ మొదలయ్యే ముందు ఆ గుడ్డలు మెల్లగా పక్కలకు జరిగేవి, తెర విచ్చుకునేది, హాలంతా ఈలలు. క్యాబిన్‌లో ఆపరేటర్ స్కోప్ లెన్సు బిగించడం మరిచిపోతే హీరో వెదురుబొంగులా పొడుగ్గా సన్నగా కనబడేవాడు, హాలంతా కేకలు. హైదరాబాద్‌లో ఈ కొలతలు హాళ్ల పేర్లలోకే ఎక్కాయి. సుదర్శన్ 35 ఎం.ఎం., సంధ్య 70 ఎం.ఎం., దేవి 70 ఎం.ఎం. ఫిల్ము వెడల్పును చెప్పి అడ్రసు అడిగే ఊరు ఇది.

అందరూ స్కోపులో తీయలేదు, తీసినవన్నీ నిజమైన స్కోపూ కావు. పెద్ద ఆకారం కోసం చిన్న ఫ్రేమునే పైనా కిందా కోసి పెంచుకున్న సందర్భాలు ఉన్నాయి. 1975 నాటి ‘షోలే’నే తీసుకోండి, 35 ఎం.ఎం. మీద తీసి 70కి పెంచిందే. కెమెరా అద్దం మీద గీతలు గీసుకుని, ఈ గీతల అవతలది పోతుందని ముందే తెలిసి తీశారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. కోత ముందే తెలిసి తీయడం వేరు, తీసినవాడు పోయాక ఎవరో వచ్చి కోయడం వేరు. ఈ రెంటినీ ఒకే గాట కట్టకూడదు.

తెర పెరుగుతున్న కాలంలోనే ఇంట్లోకి చిన్న తెర వచ్చింది. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. టీవీ ఆకారం పాత 4:3. ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’ ఆ పెట్టెలో చక్కగా ఇమిడాయి. ఒక తరం పిల్లలకు బ్లాక్ అండ్ వైట్ సినిమాలు అంత దగ్గరవడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. ఆ ఫ్రేము ఆ గాజుతెరకు కొలిచి కుట్టినట్టే సరిపోయింది. స్కోప్ సినిమాలకు మాత్రం గ్రహణం పట్టింది. 2.35 వెడల్పున్న బొమ్మను 1.33లో నింపాలంటే పక్కల నుంచి 43 శాతం పోతుంది. చెట్టు కింద ఈ చివర తల్లి, ఆ చివర కొడుకు. మాటలు వినబడతాయి, తెర మీద మాత్రం చెట్టు. లేదా మాట్లాడేవాళ్ల వైపు ఫ్రేమును అటూ ఇటూ ఈడ్చేవాళ్లు. దర్శకుడు అడగని కెమెరా కదలిక అది. వీడియో క్యాసెట్లలో పేర్లు పడేటప్పుడు అక్షరాలు పోకూడదని బొమ్మను నొక్కేసేవాళ్లు, అందరూ సన్నగా పొడుగ్గా నడిచేవాళ్లు. పేర్లయిపోగానే ఒక్క కుదుపు, మనుషులు మామూలయ్యేవాళ్లు, పక్కలు ఎగిరిపోయేవి.

ఆ తర్వాతి వీసీడీల కాలం ఇంకా పేదది. దాని కొలత 352 బై 288. పట్టీలు వదిలి స్కోప్ సినిమాను పూర్తిగా చూపించాలంటే ఆ 288 గీతల్లో బొమ్మకు దక్కేవి 163 మాత్రమే. ఆ కాసిన్ని గీతల్లో చింతపల్లి అడవిని చూసిన పిల్లవాడికి అడవి అంటే ఒక పచ్చటి మరక. అయినా నా ఓటు ఆ పట్టీలకే. మరక చిన్నదైనా అందులో అంతా ఉంది.

ఈ రెండు ఆకారాల మధ్య రాజీ కుదిర్చింది కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు. 1980లలో అమెరికాలో హెచ్‌డీ టీవీకి కొత్త ఆకారం వెతుకుతున్నప్పుడు, వాడుకలో ఉన్న నిష్పత్తులన్నిటినీ ఒకే వైశాల్యమున్న దీర్ఘచతురస్రాలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాడు. అన్నిటినీ చుట్టే బయటి పెట్టె 1.77. అన్నిట్లోనూ ఉమ్మడిగా ఉన్న లోపలి పెట్టె కూడా 1.77. అదే 16:9. ఇందులో పాత సినిమా వేసినా స్కోప్ వేసినా పట్టీలు వస్తాయి, కానీ రెండింటికీ దాదాపు సమానంగా. ఎవరికీ పూర్తి న్యాయం లేదు, ఎవరికీ పూర్తి అన్యాయమూ లేదు. ఈ వందేళ్లలో తెరల గురించి జరిగిన ఆలోచనల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ఇక కంప్యూటర్ తెరల సంగతి. 1998 నవంబర్ 22న ప్రధాని వాజపేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనంలోని మానిటర్లు అప్పటికి 4:3 గాజుబుడ్డీలే: 640 బై 480, 800 బై 600, 1024 బై 768. తర్వాత వచ్చిన చదును తెరల్లో 17 అంగుళాల రకం 1280 బై 1024, అంటే 5:4, ఇంకాస్త చతురస్రం. ఆ రోజుల్లో కోకాపేట పొలాలు, బండరాళ్లు, గండిపేట వైపు వెళ్లే రోడ్డు. 2008 నవంబర్‌లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క తెరిచారు. దాదాపు అదే సమయానికి కంప్యూటర్ తెరలు 16:10 నుంచి 16:9కి జారాయి. టీవీలకూ ల్యాప్‌టాప్‌లకూ ఒకే గాజుపలక నుంచి ముక్కలు కోస్తే వృథా తక్కువ, ధర తక్కువ. కోడు రాసేవాడికి ఎత్తు కావాలి, ఒక్క చూపులో మరిన్ని లైన్లు కనబడాలి. అతని అవసరం మీద ఫ్యాక్టరీ లెక్క గెలిచింది.

తెర మారింది, బొమ్మలు మారలేదు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన పచ్చటి కొండ వాల్‌పేపర్ ‘బ్లిస్’ గుర్తులేని ఐటీ ఉద్యోగి ఉండడు. చార్ల్స్ ఓరేర్ 1996లో కాలిఫోర్నియాలో తీసిన ఫొటో. కంప్యూటర్లో వచ్చిన ఫైలు 800 బై 600. 1280 బై 800 ల్యాప్‌టాప్ మీద దాన్ని పరిస్తే అడ్డంగా అయిదో వంతు సాగి కొండ అణిగిపోయేది. ఎక్స్‌పీలో ఉన్నవి మూడే మార్గాలు: మధ్యలో పెట్టడం, పలకలుగా పేర్చడం, సాగదీయడం. ఆకారం చెడకుండా నింపడం, పూర్తిగా ఇమిడేలా పెట్టడం అనే రెండు 2009లో విండోస్ 7తో గానీ రాలేదు. అంతకుముందు కొన్నేళ్లపాటు కొత్త వెడల్పు తెర కొన్న ప్రతివాడూ తన పిల్లల ఫొటోను ఉబ్బిన మొహాలతోనే చూసుకున్నాడు. అది సాగిందని చాలామంది గమనించలేదు కూడా. కన్ను ఎంత త్వరగా అలవాటు పడుతుందో తలచుకుంటే నాకు దిగులేస్తుంది.

ఇళ్లలోనూ అదే కథ. చదును టీవీ వచ్చింది, కేబుల్‌లో వచ్చేది మాత్రం 4:3. హైదరాబాద్‌లో కేబుల్ డిజిటల్ కావడానికి 2013 మార్చి 31 గడువు పెట్టారు, ఆ తర్వాత కూడా చాలా చానళ్లు పాత ఆకారంలోనే వచ్చేవి. డబ్బు పెట్టి కొన్న తెరలో పక్కలు నల్లగా ఉంటే ఇంట్లోవాళ్లు ఊరుకోరు. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే బొమ్మ నిండిపోయేది. కొన్ని టీవీలు ఇంకో ఉపాయం చేశాయి: నడిమధ్యను అలాగే ఉంచి అంచులను మాత్రమే ఎక్కువ సాగదీయడం. న్యూస్ చదివే అమ్మాయి మొహం సరిగ్గానే ఉండేది. కింద పరుగెత్తే స్క్రోలింగ్ చూస్తేనే గుట్టు తెలిసేది. కుడి అంచున అక్షరాలు బొద్దుగా పుట్టి, వేగంగా వచ్చి, మధ్యకు రాగానే సన్నబడి నెమ్మదించి, ఎడమ అంచుకు చేరేసరికి మళ్లీ లావై ఉరికేవి. ‘ముఖ్యమంత్రి’ అన్న ఒక్క మాటలోనే ‘ము’ ఒక కొలత, ‘త్రి’ ఒక కొలత.

మానిటర్లు రాకముందు బొమ్మల సైజు మార్చే పని మన దగ్గర బ్యానర్ ఆర్టిస్టులది. చేతిలో చిన్న స్టిల్లు. దాని మీద పెన్సిల్‌తో గళ్లు. గోడంత గుడ్డ మీద అన్నే గళ్లు, పెద్దవి. ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో గడిలోకి ఎక్కించడం. స్టిల్లు నిలువు, బ్యానర్ అడ్డం. మిగిలిన జాగాలో మంటలో, కొండలో, గుర్రమో వేసి నింపేవాడు. హీరో మొహం మాత్రం ఎప్పుడూ సాగలేదు. చేత్తో గీసేవాడికి కొలత తప్పిన మొహం వెంటనే తెలిసిపోతుంది. ఫ్లెక్సీ వచ్చాక ఆ కాపలా పోయింది. అమీర్‌పేటలో, చిక్కడపల్లిలో రాత్రికి రాత్రి డిజైన్ చేసే కుర్రాడి ముందు పాతిక నాయకుల ఫొటోలు, ఇచ్చిన సైజు 20 బై 8 అడుగులు, టైము గంట. ఫొటోషాప్‌లో మూల పట్టుకుని లాగేటప్పుడు షిఫ్ట్ మీట నొక్కి ఉంచితేనే ఆకారం నిలిచేది. ఎడమచేతి చిటికెనవేలు ఒక్కసారి జారితే మండలాధ్యక్షుడి బుగ్గలు రెండు గళ్ల మేర పెరిగేవి. 2018 అక్టోబర్‌లో వచ్చిన ఫొటోషాప్‌లో అడోబీ ఆ పద్ధతిని తిరగేసింది. మామూలుగా లాగితే ఆకారం నిలుస్తుంది, చెడగొట్టాలంటేనే షిఫ్ట్ నొక్కాలి. మన కూడళ్లలో మొహాలు ఈమధ్య కాస్త కుదుటపడ్డాయంటే ఆ చిన్న మార్పుకు అందులో వాటా ఉందని నమ్ముతాను.

పెళ్లి ఆల్బమ్‌ది ఇంకో దారి. కరిజ్మా ఆల్బమ్ రెండు పేజీలు తెరిస్తే 12 బై 36 అంగుళాలు, అంటే ఒకటికి మూడు. మామూలు సినిమా తెర ఏదీ అంత వెడల్పు లేదు. కెమెరా ఇచ్చేది 3:2. జీలకర్ర-బెల్లం ఫొటో ఒకటి పెద్దగా, దాని వెనక అదే ఫొటో మసగ్గా, పక్కన మూడు చిన్న గళ్లు, పూల డిజైను... డిజైనర్ ఆ పొడుగును అలా నింపుతాడు. ఇందులో తప్పేమీ లేదు, ఎందుకంటే అసలు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. అన్నపూర్ణ స్టూడియోస్‌లోని ఏఎన్నార్ వర్చువల్ ప్రొడక్షన్ స్టేజి వంపు ఎల్ఈడీ గోడ 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. అదీ ఒకటికి మూడే. మన పెళ్లి ఆల్బమ్, సినిమావాళ్ల కొత్త గోడ ఒకే నిష్పత్తికి చేరుకోవడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

బొమ్మను పెంచినప్పుడు లోపల జరిగేదేమిటో కూడా చెప్పుకోవాలి. రెండున్నర రెట్లు పెంచితే పాత చుక్కల మధ్య కొత్త చుక్కలు పుట్టాలి. వాటి రంగు ఎవరూ ఫొటో తీయలేదు, ఊహించాల్సిందే. దగ్గరి చుక్కనే నకలు చేస్తే అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. చుట్టూ ఉన్న నాలుగు చుక్కల సగటు తీసుకుంటే మెత్తగా, మసగ్గా వస్తుంది. పదహారు చుక్కలను బరువులు వేసి కలిపే బైక్యూబిక్ పద్ధతిని రాబర్ట్ కీస్ 1981లో వివరించాడు. నేటికీ ఫొటో సాఫ్ట్‌వేర్లలో అది పనిచేస్తూనే ఉంది. ఆకారం మార్చడంలో పెద్ద మలుపు మాత్రం 2007లో షై అవిదాన్, ఏరియల్ షమీర్ చూపించిన సీమ్ కార్వింగ్. బొమ్మలో పై నుంచి కిందికి, ఎక్కువ విషయం లేని చోట్ల మెలికలు తిరుగుతూ ఒక్క చుక్క వెడల్పున్న దారి వెతికి, ఆ దారిని తీసేయడమో, దాని పక్కన ఇంకోటి చేర్చడమో. హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం ఫొటోకు ఇది అద్భుతం. దారులన్నీ నీళ్లలోంచి, ఆకాశంలోంచి పోతాయి, చెరువు వెడల్పవుతుంది, బుద్ధుడు కదలడు. చార్మినార్‌కు పెట్టండి, వంకర బయటపడుతుంది. కింద జనం, బండ్లు, గాజుల అంగళ్లు. ఖాళీగా కనబడేది గోడ సున్నమే. దారి దానిలోంచి పోయి కమాను ఒకవైపు వాలుతుంది. 2008లో ఇది ఫొటోషాప్‌లోకి వచ్చినప్పుడు మనుషుల చర్మపు రంగున్న చోట్లను కాపాడే బటన్ ఒకటి చేర్చాల్సి వచ్చింది.

ఆ కాలంలోనే హైదరాబాద్‌లో ఈ కథలోకెల్లా పెద్ద ప్రయోగం జరిగింది. గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ 2007లో విజయా వారి పద్నాలుగు సినిమాల నెగటివ్ హక్కులు తీసుకుని, ‘మాయాబజార్’ను రంగుల్లోకి మార్చి, డీటీఎస్ శబ్దం చేర్చి, స్కోప్ తెరకు సరిపడేలా చేసి 2010 జనవరి 30న విడుదల చేసింది. ఫ్రేము ఫ్రేముకూ రంగు వేసిన ఆ సాంకేతికుల శ్రమ సామాన్యమైనది కాదు. ఆ సినిమాను పెద్ద తెర మీద చూడని తరానికి చూపించారు, అదీ కొట్టిపారేయలేనిది. అప్పుడు వాదమంతా రంగు గురించే నడిచింది. రంగు తగునా, బార్ట్లే వెన్నెలకు రంగేమిటి అని. నా బాధ మాత్రం ఆకారం గురించి. 1.37 ఫ్రేముతో 2.35 తెరను నింపాలంటే పైనా కిందా కలిపి నూటికి 41 పాళ్ల పైనే పోతుంది. టీవీలో ‘అల్లూరి’ పక్కల నుంచి ఎంత పోగొట్టుకుందో దాదాపు అంతే ‘మాయాబజార్’ తలనుంచీ పాదాలనుంచీ పోగొట్టుకుంటుంది. రంగు వద్దనుకుంటే తీసేసి చూడొచ్చు, టీవీలో ఆ సదుపాయం ఉంది. కోసిన కిరీటం ఏ బటన్‌తోనూ తిరిగి రాదు.

హైదరాబాద్‌లో అన్నిటికంటే పెద్ద తెరకు ఈ జాడ్యం మొదట్లో లేదు. 2003లో తెరిచిన ప్రసాద్స్ ఐమాక్స్ తెర 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు. లెక్క కడితే 1.32, అచ్చం పాత ఆకారమే. 2014లో ఐమాక్స్ పోయింది. 2022 చివర్లో వచ్చిన కొత్త తెర దాదాపు 64 అడుగుల ఎత్తు, 101 అడుగుల వెడల్పు. ఇక్కడ బొమ్మ కాదు, తెరే తన ఆకారం మార్చుకుంది. ఇప్పుడేమో రాజమౌళి ‘వారణాసి’ని ఐమాక్స్ కోసం తీస్తున్నట్టు 2025 నవంబర్‌లో రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రకటించారు. అంటే సినిమా మళ్లీ ఎత్తు అడుగుతోంది.

ఎత్తు అడిగింది సినిమా ఒక్కటే కాదు. కోకాపేటను చూడండి. 2021లో హెచ్ఎండీఏ వేలంలో ఎకరం 60 కోట్లు దాటింది, 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలకు చేరింది. ఆ ధరకు నేల కొన్నవాడు పైకే కడతాడు. ఆ టవర్లను తీసే ఫోను నిలువుగా పట్టుకున్నదే, 9:16. దాన్ని 16:9 టీవీలో పెడితే తెరలో మూడో వంతు కూడా నిండదు. న్యూస్ చానళ్లు ఆ పక్కలను అదే వీడియోను మసక చేసి నింపుతాయి. కోకాపేట ప్రాంతంలోనే 2022 అక్టోబర్ 1న, అల్లు రామలింగయ్య శతజయంతి రోజున, అల్లు స్టూడియోస్ మొదలైంది. 2025లో డాల్బీ సంస్థ మన దేశానికి ప్రకటించిన ఆరు డాల్బీ సినిమా హాళ్లలో అల్లు వారిది ఒకటి. ఈ కాస్త మేరలోనే మూడు ఆకారాలు ఒకేసారి బతుకుతున్నాయి: చేతిలో నిలువు, బల్ల మీద అతి వెడల్పు, హాల్లో మధ్యస్థం. ఒకే బొమ్మ మూడింటికీ సరిపోవాలని అందరూ అడుగుతున్నారు.

ఈ అడగడానికి జవాబుగా వచ్చిందే నాలుగో దారి. 2023 జులైలో ఫొటోషాప్ బీటాలో జెనరేటివ్ ఎక్స్‌పాండ్ వచ్చింది. ఫ్రేమును పక్కలకు లాగితే చాలు, అక్కడ ఉండదగినది ఏదో అదే గీస్తుంది. ఒక టవర్ నిలువు ఫొటోను రోడ్డు పక్కన అడ్డం హోర్డింగ్‌కు పెంచితే ఇరువైపులా చెట్లు, నీలాకాశం, కొలను పుట్టుకొస్తాయి. పాత బ్యానర్ ఆర్టిస్టు కూడా లేని గుర్రాన్ని వేశాడు కదా అనవచ్చు. ఆయన వేసింది బొమ్మ అని చూసేవాడికి తెలుసు. ఇక్కడ ఏది ఫొటో, ఏది కల్పన అన్న గీత కనబడదు. ప్లాటు కొనేవాడికి ఆ కొలను నిజమే. ప్రకటనల్లో అలా పెంచిన భాగాన్ని స్పష్టంగా చెప్పాలని చట్టమే ఉండాలన్నది నా గట్టి కోరిక. ఇక ‘మాయాబజార్’ పక్కలను ఎవరైనా ఇలా నింపాలని చూస్తే? కిరీటం పోదు నిజమే. కానీ బార్ట్లే ఎన్నడూ చూడని స్తంభాలు, ఆ సెట్‌లో ఎవరూ కట్టని గోడలు ఆయన పేరు మీద చెలామణీ అవుతాయి. కోత కంటే అది పెద్ద అన్యాయం.

2022 ఆగస్టులో ‘పోకిరి’ 4కే విడుదలతో మొదలైన రీ-రిలీజుల ఊపు పాత నెగటివ్‌లను మళ్లీ బయటికి తెప్పించింది. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలి. 2019 డిసెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్ము పరిరక్షణ మీద వర్క్‌షాప్ పెట్టింది. ఆ రంగంలో పనిచేసేవాళ్ల మొదటి అలవాటు నెగటివ్‌ను అంచులు, రంధ్రాలతో సహా స్కాన్ చేయడం. కోయడం ఆ తర్వాతి నకలులో, ఏ తెరకు కావాలంటే ఆ తెరకు. నిర్మాతలు స్కానింగ్‌కు డబ్బు కట్టేటప్పుడు ఒప్పందంలో ఈ ఒక్క వాక్యం రాయించుకుంటే చాలు. ఇంట్లోనూ అంతే. అమ్మానాన్నల పెళ్లి ఫొటో స్కాన్ చేయించేటప్పుడు చుట్టూ ఉన్న తెల్ల అంచు, కింద స్టూడియో ముద్రతో సహా, వెనకవైపు రాసిన తేదీతో సహా తీయించండి. ఆ ఫైలును టిఫ్ ఫార్మాట్‌లో విడిగా దాచండి, వాల్‌పేపర్‌కు కోయాల్సింది దాని నకలునే. ఆల్బమ్ చేయించినప్పుడు డిజైన్ చేసిన పేజీలతోపాటు కోయని అసలు ఫొటోలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని ఫొటోగ్రాఫర్‌ను అడ్వాన్సు ఇచ్చే రోజునే అడగండి.